టీచర్ లైబ్రేరియన్ పోస్టును తీసివేసి ఆ డబ్బుతో పుస్తకాలు కొంటే సరిపోతుందా?

మీ ప్రశ్న నాకు అర్థమైన తీరును ముందుగా చెబుతాను. మీ పిల్లలు చదివే ప్రభుత్వ పాఠశాలలో దాదాపు 400 మంది విద్యార్థులున్నారు. ఇన్నాళ్లూ లైబ్రరీని నడిపిన టీచర్ లైబ్రేరియన్ ఈ ఏడాది చివర పదవీ విరమణ చేస్తున్నారు. ఆ పోస్టును మళ్లీ భర్తీ చేయకుండా, తక్కువ జీతంతో ఒక సహాయకురాలిని నియమించి, మిగిలే డబ్బుతో కొత్త పుస్తకాలు, కంప్యూటర్లు కొంటామని పాఠశాల బోర్డు ప్రతిపాదించింది. దీనివల్ల పిల్లలకు నష్టం ఉందా, ఉంటే ఆ సంగతిని బోర్డు ముందు ఏ ఆధారాలతో చెప్పాలి అని తల్లిదండ్రుల సంఘం తరఫున మీరు అడుగుతున్నారు. నేను ప్రభుత్వ పాఠశాలల్లో 27 ఏళ్లు పనిచేశాను. అందులో మొదటి 8 ఏళ్లు తరగతి గదిలో, తక్కిన 19 ఏళ్లు లైబ్రరీలో గడిచాయి. చివరి ఆరేళ్లు బడ్జెట్ కమిటీలోనూ సభ్యత్వం ఉండేది కనుక బల్లకు రెండు వైపులా జరిగే మాటలు విన్నాను.

నష్టం ఉంది. అయితే అది వెంటనే కనబడదు, చిక్కంతా అక్కడే వస్తుంది. మొదటి ఏడాది కొత్త పుస్తకాలు వస్తాయి, గది కళకళలాడుతుంది, బోర్డు చేసిన పని సబబుగానే తోస్తుంది. మూడో ఏటికి ఏ పుస్తకం ఎందుకు తెప్పించాలో చెప్పే మనిషి లేక కొనుగోళ్లు మందగిస్తాయి. కొనుగోళ్లు మందగించినందువల్ల ఆ పద్దులో డబ్బు ఖర్చు కాకుండా మిగిలిపోతుంది, మిగిలిపోయిందన్న కారణంతోనే మరుసటి బడ్జెట్‌లో ఆ పద్దుకు కోత పడుతుంది. ఈ వరుసను నేను రెండు పాఠశాలల్లో కళ్లారా చూశాను. అందువల్ల లైబ్రరీ నిధుల గురించి మాట్లాడేటప్పుడు మనిషి జీతం పద్దును అన్నిటికంటే ముందు పెట్టండి, ఆ పద్దును మరో అవసరానికి మళ్లించే వీలు లేని విధంగా రాయించండి. నా సలహా సారమంతా ఇదే, తక్కిన మాటలన్నీ దీనికి ఆధారాలు.

టీచర్ లైబ్రేరియన్ ఏం చేస్తారంటే, పుస్తకాలు ఇవ్వడం, తిరిగి తీసుకోవడం అని బోర్డు సభ్యులలో చాలామంది అనుకుంటారు. ఆ పనికి నిజంగానే ఉపాధ్యాయ శిక్షణ అక్కర్లేదు. అసలు పని ఎక్కడుంటుందో ఒక పిల్లవాడి సంగతి చెప్పి చూపిస్తాను. ఐదో తరగతి కుర్రాడు ఒకడు ప్రతి వారం అలమరాలోకెల్లా లావుపాటి పుస్తకం ఏరి తెచ్చుకునేవాడు, మర్నాడే తిరిగి ఇచ్చేసేవాడు. రిజిస్టర్‌ను బట్టి చూస్తే ఆ తరగతిలో అందరికంటే ఎక్కువ పుస్తకాలు చదివినవాడు వాడే. ఒక రోజు వాడు తిరిగి తెచ్చిన పుస్తకం తెరిస్తే, నేను 10వ పేజీ దగ్గర పెట్టి ఇచ్చిన కాగితపు గుర్తు పెట్టినచోటే ఉంది. వాడిని పక్కన కూర్చోబెట్టుకుని, బొమ్మ ఉన్న పేజీ ఒకటి తీసి, దాని కింద ఉన్న రెండు పంక్తులు చదవమన్నాను. రెండో మాట దగ్గరే గొంతు ఆగిపోయింది, వేలు మాత్రం పంక్తి వెంట ముందుకు జరుగుతూనే ఉంది. తోటి పిల్లల ఎదుట సన్నని పుస్తకం పట్టుకోవడానికి సిగ్గుపడి వాడు రెండేళ్లుగా లావు పుస్తకాలు మోస్తున్నాడు. ఆ సాయంత్రమే వాడి క్లాస్ టీచర్‌తో మాట్లాడాను, తర్వాతి వారం చదవడంలో ఇబ్బంది ఎక్కడుందో పరీక్ష చేయించాం. వాడికి వంతెనలంటే ఇష్టమని తెలిశాక, చూడటానికి పెద్దవాళ్ల పుస్తకంలా ఉండి, ఒక్కో పేజీలో నాలుగైదు చిన్న వాక్యాలే ఉన్న పుస్తకాలు మూడు వెతికి పెట్టాను. వాటిలో మొదటిది వాడు పదకొండు రోజులు తన దగ్గరే ఉంచుకున్నాడు.

అక్కడ పనిచేసినవి మూడు విషయాలు. పిల్లలకు చదవడం ఎలా వస్తుందో, ఎక్కడ తడబడుతుందో తెలిసి ఉండటం ఉపాధ్యాయ విద్య. ఏ అరలో ఏ స్థాయి పుస్తకం ఉందో, లేకపోతే ఎక్కడినుంచి తెప్పించాలో తెలిసి ఉండటం గ్రంథాలయ విద్య. ఒకే పిల్లవాడిని రెండేళ్ల పాటు వరుసగా చూస్తూ ఉండటం ఆ పోస్టు స్థిరంగా ఉండటం వల్ల కలిగిన అవకాశం. టీచర్ లైబ్రేరియన్ అన్న పేరులో రెండు మాటలు ఉన్నది ఇందుకే. ఆస్ట్రేలియాలో ఆ పేరుకు ఉపాధ్యాయ అర్హత, గ్రంథాలయ అర్హత రెండూ ఉన్న వ్యక్తి అని అర్థం చెబుతారు. మన దేశపు గ్రంథాలయ శాస్త్రానికి పునాది వేసిన ఎస్. ఆర్. రంగనాథన్ కూడా 1924లో మద్రాసు విశ్వవిద్యాలయ గ్రంథపాలకుడిగా చేరేనాటికి గణితం బోధిస్తున్నవారే. ప్రతి పాఠకుడికీ తన పుస్తకం, ప్రతి పుస్తకానికీ తన పాఠకుడు అని 1931లో ఆయన సూత్రీకరించిన రెండు నియమాలూ నెరవేరాలంటే, ఆ ఇద్దరినీ ఎరిగిన మూడో మనిషి ఒకరు ఆ గదిలో ఉండాలి.

సహాయకులను నేను తక్కువ చేసి మాట్లాడటం లేదు. నాతో పనిచేసిన సహాయకురాలు లేని ఏడాది నేను పాఠాలు చెప్పింది తక్కువ, పుస్తకాలకు అట్టలు వేసింది ఎక్కువ. వచ్చిన ప్రతి పుస్తకాన్నీ వరుస సంఖ్యతో నమోదు చేసే యాక్సెషన్ రిజిస్టర్ రాయడం, లేబుళ్లు అంటించడం, చిరిగినవాటిని బాగుచేయడం, గడువు దాటిన పుస్తకాల కోసం ఇళ్లకు చీటీలు పంపడం, స్టాక్ వెరిఫికేషన్ చేయడం రోజులో సగాన్ని మింగేసే పనులు. వాటిని చూసుకునే మనిషి ఉన్నప్పుడే టీచర్ లైబ్రేరియన్‌కు బోధించే సమయం దొరుకుతుంది. బోర్డు సహాయకురాలిని నియమిస్తానంటే మంచిదే, సంతోషంగా ఒప్పుకోండి. ఆ నియామకం టీచర్ లైబ్రేరియన్‌కు తోడుగా జరగాలి, ఆమె స్థానంలో జరగకూడదు. ఇంకొక సంగతి కూడా ఉంది. సహాయకురాలి జీతం ఇచ్చి, ఆమె చేత పాఠం చెప్పించుకుని, పుస్తకాల ఎంపిక బాధ్యత కూడా ఆమె మీద వేయడం ఆమెకు జరిగే అన్యాయం. పోస్టు తీసివేసిన ప్రతిచోటా క్రమంగా జరిగేది ఇదే.

ఇక పరిశోధనల విషయానికి వస్తే, ఎక్కువగా ప్రస్తావనకు వచ్చేవి అమెరికాలోని కొలరాడో రాష్ట్రంలో కీత్ కర్రీ లాన్స్ అనే పరిశోధకుడి బృందం చేసిన అధ్యయనాలు. 1993లో వెలువడిన మొదటి దానిలో, లైబ్రరీ సిబ్బంది, పుస్తక సంపద మెరుగ్గా ఉన్న పాఠశాలల్లో విద్యార్థుల పరీక్షా ఫలితాలు కూడా మెరుగ్గా ఉన్నాయని, స్థానిక కుటుంబాల ఆర్థిక స్థితిని లెక్కలోకి తీసుకున్న తర్వాత కూడా ఆ సంబంధం నిలిచిందని తేలింది. 2000లో వచ్చిన రెండోది, లైబ్రేరియన్లు తరగతి టీచర్లతో కలిసి పనిచేసే చోట ఫలితాలు బాగున్నాయని చూపింది. తర్వాత అమెరికాలోని అనేక రాష్ట్రాల్లో ఇలాంటి అధ్యయనాలు జరిగాయి. వీటిని బోర్డు ముందు పెట్టేటప్పుడు జాగ్రత్తగా మాట్లాడండి. ఇవి రెండు విషయాలు కలిసి కనబడటాన్ని చూపుతాయే తప్ప, ఒకటి మరొకదానికి కారణమని ప్రయోగపూర్వకంగా రుజువు చేయవు. బోర్డులో గణాంకాలు తెలిసిన సభ్యుడు ఒక్కరున్నా ఈ ప్రశ్న వస్తుంది. ఆ పరిమితిని ముందుగా మీరే చెబితే మీ మాటకు గౌరవం పెరుగుతుంది. రెండో అధ్యయనంలోని టీచర్లతో కలిసి పనిచేయడం అన్న అంశాన్నే గట్టిగా పట్టుకోండి, ఎందుకంటే సహాయకురాలి నియామకంతో మొట్టమొదట ఆగిపోయేది అదే.

పోస్టు ఉండటం, ఆ పోస్టుకు సమయం ఉండటం వేర్వేరు విషయాలు. మీ పాఠశాల లెక్కనే చూద్దాం. తరగతికి 25 మంది చొప్పున 400 మందికి 16 సెక్షన్లు. వారానికి 30 పీరియడ్లు అనుకుంటే, ప్రతి సెక్షన్ వారానికి ఒకసారి లైబ్రరీకి వస్తే 16 పీరియడ్లు అందులోనే పోతాయి. పూర్తికాలపు మనిషికి తక్కిన 14 పీరియడ్లలో టీచర్లతో కూర్చుని పాఠాలు రూపొందించడానికి, చదువులో వెనకబడిన పిల్లలను విడిగా కూర్చోబెట్టుకోవడానికి, పుస్తకాలు ఎంపిక చేయడానికి వీలుంటుంది. అదే పోస్టును మూడింట రెండు వంతులకు తగ్గిస్తే చేతిలో ఉండేది 20 పీరియడ్లు. తరగతులు పోగా మిగిలేవి నాలుగు. చాలా పాఠశాలల్లో ఆ తరగతుల పీరియడ్లను క్లాస్ టీచర్లకు లీజర్ పీరియడ్ ఇవ్వడానికి వాడుకుంటారు. పిల్లలను లైబ్రరీలో దించి టీచర్ వెళ్లిపోతారు. టీచర్లకు ఆ విరామం న్యాయమైన అవసరమే, నేనూ తరగతి టీచర్‌గా దానికోసం ఎదురుచూసినవాడినే. కానీ కలిసి పాఠం చెప్పవలసిన ఇద్దరిలో ఒకరు గదిలో ఉండరు కనుక, కాగితం మీద టీచర్ లైబ్రేరియన్ ఉన్నా ఆ పోస్టు ఉద్దేశం నెరవేరదు. టీచర్ల విరామానికి వేరే ఏర్పాటు ఉండాలని, లైబ్రరీ పీరియడ్లలో కనీసం మూడో వంతు తరగతి టీచర్ సమక్షంలో జరగాలని టైమ్ టేబుల్‌లో రాయించడం జీతం పద్దు సాధించడమంత ముఖ్యం.

ఇప్పుడు నిధుల సంగతి. ఇది కాస్త వివరంగా చెప్పవలసిన విషయం, ఎందుకంటే తల్లిదండ్రులు ఎక్కువగా మోసపోయేది ఇక్కడే. ప్రభుత్వం లైబ్రరీ పేరిట డబ్బు ఇచ్చిందన్న మాటకు, ఆ డబ్బు లైబ్రరీకే ఖర్చయిందన్న మాటకు మధ్య చాలా దూరం ఉంటుంది. అమెరికాలోని వాషింగ్టన్ రాష్ట్రం నమూనా పాఠశాల అన్న పద్ధతిలో నిధులు లెక్కగడుతుంది. 400 మంది ఉండే ప్రాథమిక పాఠశాలకు 0.663, 432 మంది ఉండే మాధ్యమిక పాఠశాలకు 0.519, 600 మంది ఉండే హైస్కూలుకు 0.523 చొప్పున టీచర్ లైబ్రేరియన్ పోస్టులను ఆ సూత్రం లెక్కలోకి తీసుకుంటుంది. అంటే ప్రాథమిక పాఠశాలకు వారానికి మూడు రోజుల పైచిలుకు, హైస్కూలుకు రెండున్నర రోజుల పైచిలుకు జీతం అన్నమాట. ఆ అంకె చట్టంలో ఉండటమే ఒక విజయం, దాన్ని తక్కువగా చూడలేం. కానీ ఆ సూత్రం డబ్బు ఎంత ఇవ్వాలో లెక్కగట్టడానికే పరిమితం. ఆ డబ్బుతో టీచర్ లైబ్రేరియన్‌నే నియమించాలన్న కట్టుబాటు పాఠశాలలను నడిపే స్థానిక జిల్లా మీద లేదు. కెనడాలోని ఒంటారియోలోనూ ఇదే పరిస్థితి. అక్కడి నిధుల సూత్రంలో టీచర్ లైబ్రేరియన్ల వాటా ఉంటుంది, దాన్ని ఆ పోస్టుకే వాడాలన్న నిర్బంధం మాత్రం ఉండదు. గణిత శిక్షణకో, ప్రత్యేక అవసరాలున్న పిల్లల సహాయానికో డబ్బు చాలనప్పుడు బోర్డు చేయి ముందుగా వెళ్లేది ఇటువంటి పద్దు మీదకే. ఆ అవసరాలు కూడా నిజమైనవే కనుక, వద్దని వాదించడం కష్టమవుతుంది.

కెనడాలోనే మరో రాష్ట్రమైన బ్రిటిష్ కొలంబియా అనుభవం దీనికి మరో వైపు. అక్కడ ఉపాధ్యాయ సంఘంతో కుదిరిన ఒప్పందంలోనే ఇంతమంది విద్యార్థులకు ఒక టీచర్ లైబ్రేరియన్ ఉండాలన్న నిష్పత్తి ఉండేది. 2002లో ప్రభుత్వం చట్టం చేసి ఆ నిబంధనలను తొలగించింది. సంఘం కోర్టుకు వెళ్లింది. 2016 నవంబరులో కెనడా సుప్రీంకోర్టు సంఘానికి అనుకూలంగా తీర్పు ఇవ్వడంతో నిబంధనలు తిరిగి వచ్చాయి. ఆ లెక్కన 702 మంది విద్యార్థులకు ఒక టీచర్ లైబ్రేరియన్ కనీసం. 702 గొప్ప నిష్పత్తి ఏమీ కాదు. కానీ రాతపూర్వకంగా, కట్టుబడక తప్పని చోట ఉన్నందువల్లే పద్నాలుగేళ్ల తర్వాత కూడా దాన్ని వెనక్కి తెచ్చుకోగలిగారు. ఆ మధ్యకాలంలో చదువుకున్న పిల్లలకు మాత్రం అది అందలేదు.

ప్రత్యేకించిన డబ్బును సాధారణ నిధిలో కలిపేస్తే ఏమవుతుందో చెప్పడానికి నేను ఎప్పుడూ ఉదాహరించేది అమెరికా కేంద్ర ప్రభుత్వ చరిత్ర. 1965లో అధ్యక్షుడు లిండన్ జాన్సన్ సంతకం చేసిన ప్రాథమిక, మాధ్యమిక విద్యా చట్టంలో రెండో అధ్యాయం పూర్తిగా లైబ్రరీ పుస్తకాలు, పాఠ్యపుస్తకాలు, ఇతర బోధనా సామగ్రి కోసమే ఉండేది. మొదటి ఏడాదికి 10 కోట్ల డాలర్లు అనుమతించారు. అంతవరకు లైబ్రరీ అన్నదే లేని వేలాది ప్రాథమిక పాఠశాలల్లో అప్పుడే అలమరాలు లేచాయి. 1974లో ఆ పద్దును బోధనా పరికరాల వంటి ఇతర పద్దులతో కలిపారు. 1981లో మరెన్నో పథకాలతో కలిపి ఒకే మూకుమ్మడి గ్రాంటుగా మార్చి, దేనికి ఖర్చు చేయాలో స్థానికంగానే నిర్ణయించుకొమ్మన్నారు. స్థానిక స్వేచ్ఛ అన్న మాట వినసొంపుగా ఉంటుంది. కానీ కంప్యూటర్లు పాఠశాలల్లోకి వస్తున్న ఆ కాలంలో ఆ స్వేచ్ఛ పుస్తకాల వైపు పెద్దగా మొగ్గలేదు. 2015 నాటి కొత్త చట్టంలో సమర్థమైన పాఠశాల లైబ్రరీల ప్రస్తావన తిరిగి చేరింది. అయితే కొన్ని నిధులను వాటికి వాడుకోవచ్చని మాత్రమే అది చెబుతుంది. వాడుకోవచ్చు అన్న మాటతో పోస్టులు నిలబడవు. 2010 నుంచి 2019 మధ్య అమెరికా ప్రభుత్వ పాఠశాలల్లో లైబ్రేరియన్ల సంఖ్య దాదాపు ఐదో వంతు తగ్గిపోయింది.

ఇంగ్లండులో పాఠశాలకు లైబ్రరీ ఉండాలని చట్టం చెప్పదు. ప్రతి జైలుకూ లైబ్రరీ ఉండాలని మాత్రం జైలు నిబంధనలు చెబుతాయి. మన దేశంలో 2009 విద్యాహక్కు చట్టం షెడ్యూలులో ప్రతి పాఠశాలకూ వార్తాపత్రికలు, పత్రికలు, కథల పుస్తకాలు, అన్ని విషయాల పుస్తకాలు ఉండే లైబ్రరీ తప్పనిసరి అని ఉంది. దాన్ని నడిపే మనిషి ఊసు ఆ షెడ్యూలులో లేదు. గదిని, పుస్తకాలను చెప్పి మనిషిని విస్మరించిన నియమం చివరికి తాళం వేసిన అలమరాగా మిగులుతుంది. పుస్తకాలు పోతే తన జీతం నుంచి కట్టవలసి వస్తుందేమోనన్న భయంతో తాళం తీయని ప్రధానోపాధ్యాయులను నేను నిందించలేను. ఆ బాధ్యత వారికి అప్పగించడంలోనే పొరపాటు ఉంది.

పుస్తకాలకు ఎంత కావాలన్న దానికి ఇఫ్లా అని పిలిచే అంతర్జాతీయ గ్రంథాలయ సంఘాల సమాఖ్య, యునెస్కో కలిసి 2002లో ఇచ్చిన మార్గదర్శకాలు ఇప్పటికీ పనికివస్తాయి. విద్యార్థికి పది పుస్తకాల చొప్పున ఉండాలని, ఎంత చిన్న పాఠశాలకైనా 2,500 తగ్గకూడదని అవి చెబుతాయి. జీతాలు, ప్రత్యేక విద్య, రవాణా, భవనాల ఖర్చులు పక్కన పెట్టాక, ఒక్కో విద్యార్థి మీద అయ్యే వ్యయంలో కనీసం 5 శాతం లైబ్రరీ సామగ్రికి కేటాయించాలని సూచిస్తాయి. మీ పాఠశాలకు ఆ లెక్కన 4,000 పుస్తకాలు కావాలి. ఒక పుస్తకం సగటున పదేళ్లు పనికొస్తుందనుకుంటే, ఉన్న స్థాయిలో నిలబడటానికే ఏటా 400 కొత్తవి రావాలి. ఏటా 100 మాత్రమే కొనే లైబ్రరీలో మొత్తం పుస్తకాలు మారడానికి 40 ఏళ్లు పడుతుంది. ఈ లెక్కను బోర్డు సభ్యులకు కాగితం మీద వేసి చూపండి, ఎంతో ప్రసంగం చేయగల పని అది చేస్తుంది.

అలాగని సంఖ్య ఒక్కటే చాలదు. 2015లో నేను ఒక పాఠశాలకు బదిలీ అయినప్పుడు, అక్కడ ఏడేళ్లుగా టీచర్ లైబ్రేరియన్ లేరు. రిజిస్టర్ ప్రకారం పుస్తకాలు కావలసినన్ని ఉన్నాయి. అంతరిక్షం అర ముందు నిలబడి ఒక్కొక్కటీ తీసి చూశాను. సగానికి పైగా పుస్తకాలు ప్లూటోను తొమ్మిదో గ్రహంగానే చెబుతున్నాయి. అంతర్జాతీయ ఖగోళ సమాఖ్య దాన్ని మరుగుజ్జు గ్రహంగా వర్గీకరించి అప్పటికి తొమ్మిదేళ్లు. ఒక పుస్తకం వెనక అట్టకు అంటించిన డేట్ స్లిప్ మీద చివరి ముద్ర అంతకు ముందు వారానిదే. అంటే ఎవరో పిల్ల దాన్ని చదివి, ఆ సంగతిని నిజమని నమ్మి తిరిగి ఇచ్చింది. మధ్యలో ఆ పాఠశాలకు ఒక పెద్ద గ్రాంటు వచ్చి మూడు పెట్టెల కొత్త పుస్తకాలు చేరాయి. వాటిలో రెండు పెట్టెలు కట్టు విప్పకుండా బల్ల కింద ఉన్నాయి, ఎందుకంటే వాటిని కేటలాగ్‌లోకి ఎక్కించే పని ఎవరిదీ కాదు. తెరిచిన పెట్టెలో ఒకే పుస్తకం ప్రతులు పదిహేను ఉన్నాయి. పాతవాటిని ఏరి తీసివేయడం, కొత్తవాటిని పిల్లల అవసరం చూసి ఎంచడం అన్న రెండు పనులకూ ధైర్యం, అధికారం ఉన్న మనిషి కావాలి. సహాయకురాలు రిజిస్టర్ నుంచి ఒక్క పుస్తకాన్ని కొట్టివేయాలన్నా జంకుతుంది, అది సహజం.

కంప్యూటర్ల విషయంలో ఎక్కువ చెప్పను. అవి కావాలి. కానీ దొరికిన పది ఫలితాలలో ఏది నమ్మదగినదో, దాన్ని ఎవరు ఎందుకు రాశారో, నకలు కొట్టకుండా తన మాటల్లో ఎలా రాసుకోవాలో నేర్పేవారు ఉన్నప్పుడే వాటి మీద పెట్టిన డబ్బు చదువుగా మారుతుంది. ఆ పాఠం చెప్పేది కూడా బోర్డు తీసివేయబోతున్న పోస్టే.

విరాళాల సంగతి మీ సంఘంలో తప్పక వస్తుంది. తల్లిదండ్రులు చందాలు వేసుకుని పుస్తకాలు కొనడం మంచి పని, వద్దనకండి. జీతం మాత్రం ఎప్పుడూ చందాల మీద పెట్టకండి. కలిగిన కుటుంబాలు ఉండే పాఠశాలకు ఆ దారి కొన్నాళ్లు నడుస్తుంది, పక్కన బీద కుటుంబాలు ఉండే పాఠశాలకు నడవదు. ఇంట్లో పుస్తకాలు లేని పిల్లలకే పాఠశాల లైబ్రరీ అవసరం ఎక్కువ. పైగా చందాలతో జీతం ఇవ్వగలరని తెలిసిన బోర్డు ఆ పోస్టును తన పద్దులోకి మళ్లీ తీసుకోదు. ఒక్కసారికి వచ్చే గ్రాంటుల విషయంలోనూ ఇదే జాగ్రత్త పాటించండి. వాషింగ్టన్ రాష్ట్రంలో స్పోకేన్ నగరపు తల్లులు ముగ్గురు మొదలుపెట్టిన ఉద్యమం ఫలితంగా 2008లో శాసనసభ పాఠశాల లైబ్రరీలకు 40 లక్షల డాలర్లు ఇచ్చింది. అది ఒక్క ఏటికే ఇచ్చిన మొత్తం. వాళ్లు అక్కడితో ఆగకుండా ప్రాథమిక విద్య నిర్వచనంలోకే ఆ పోస్టు రావాలని పట్టుబట్టారు. నేను పైన చెప్పిన 0.663 వంటి అంకెలు చట్టంలోకి రావడం వెనక అలాంటి ఒత్తిడి ఉంది.

ఇక మీరు చేయవలసిన పని. గత ఐదేళ్లలో లైబ్రరీ పోస్టుకు ఎంత కేటాయించారు, నిజంగా ఎంత ఖర్చయింది అన్న రెండు అంకెలనూ ఏడాదివారీగా రాతపూర్వకంగా అడగండి. కేటాయింపు అంకె ఒక్కటే ఇస్తే తీసుకోకండి. పోస్టు రద్దు వల్ల మిగిలే మొత్తం ఏ పద్దుకు వెళుతుందో, ఎన్నేళ్ల పాటు పుస్తకాలకే వెళుతుందో తీర్మానంలో రాయగలరా అని అడగండి. సాధారణ నిధికి వెళుతుందన్న జవాబు వస్తే ఆ పుస్తకాల హామీ ఒక్క ఏటిదేనని సభలో అందరికీ అర్థమవుతుంది. మీ లైబ్రరీ కేటలాగ్ కంప్యూటర్‌లో ఉంటే, పుస్తకాల సగటు ముద్రణ సంవత్సరం ఒక్క నిమిషంలో తీయవచ్చు. విజ్ఞానశాస్త్రం, ఆరోగ్యం అరలకు విడిగా తీయించండి.

పూర్తి పోస్టుకు నిధులు లేవని బోర్డు గట్టిగా నిలబడితే ఏది ఒప్పుకోవచ్చు, ఏది ఒప్పుకోకూడదు అన్న దాని మీద నా అభిప్రాయం చెబుతాను. ఒకే పాఠశాలలో సగం పోస్టు, దానికి తోడు పూర్తికాలపు సహాయకురాలు ఉంటే, అన్ని సెక్షన్లనూ ప్రతి వారం పిలవలేకపోయినా, పని నడుస్తుంది. ఒక మనిషిని నాలుగైదు పాఠశాలలకు పంచి, వారానికి ఒక రోజు రప్పించే ఏర్పాటు నడవదు. సోమవారం పుట్టిన ప్రశ్న శుక్రవారం దాకా పిల్లల మనసులో నిలవదు, ఏ టీచర్‌తోనూ కలిసి పాఠం రూపొందించే వీలు కుదరదు. రెండు అర్హతలూ ఉన్నవారు దొరకడం లేదన్న మాట కూడా రావచ్చు, కొన్ని చోట్ల అది నిజమే. అప్పుడు ఆసక్తి ఉన్న ఒక టీచర్‌ను నియమించి, గ్రంథాలయ శిక్షణ పూర్తి చేయడానికి రెండు మూడేళ్ల గడువు, శిక్షణ ఖర్చు బోర్డు ఇచ్చేలా అడగండి. నేను ఆ దారిలోనే ఈ పనిలోకి వచ్చాను.

ఒక హెచ్చరిక కూడా చేయాలి. 2011లో లాస్ ఏంజెలెస్ పాఠశాలల జిల్లా డబ్బు లేక టీచర్ లైబ్రేరియన్లను తొలగించబోయినప్పుడు, సర్వీసు ఉన్నవారు తిరిగి తరగతి గదికి వెళ్లవచ్చా అన్న విచారణ జరిగింది. తాము వెళ్లదలచిన సబ్జెక్టును గత ఐదేళ్లలో బోధించారా అన్నది అక్కడ కొలబద్ద. మీరు హాజరు తీసుకుంటారా వంటి ప్రశ్నలతో జిల్లా తరఫు న్యాయవాదులు వాళ్లు చేసేది బోధనే కాదని చూపడానికి ప్రయత్నించారు. ఏళ్ల తరబడి పిల్లలకు చెప్పిన పాఠాలకు రాతలో గుర్తు లేకపోతే, అవసరమైన రోజున అవి లెక్కలోకి రావు.

కాబట్టి మీ పాఠశాల టీచర్ లైబ్రేరియన్‌ను ఈ వారమే కలవండి. ఏ నెలలో ఏ టీచర్‌తో కలిసి ఏ పాఠం చెప్పారో ఆవిడ డైరీలో ఉంటుంది, దాని నకలు అడగండి. తరగతి టీచర్లలో ఇద్దరు ముగ్గురిని సభకు వచ్చి ఆ పాఠాల గురించి మాట్లాడమని అడగండి. తల్లిదండ్రులు పది మంది మాట్లాడిన దానికంటే అది బోర్డుకు బాగా ఎక్కుతుంది. బడ్జెట్ ముసాయిదా ప్రజల ముందుకు వచ్చేసరికి అంకెలు దాదాపు ఖరారైపోయి ఉంటాయి. అంతకు రెండు మూడు నెలల ముందే, ముసాయిదా రాసే అధికారి బల్ల మీదకు మీ కాగితాలు చేరాలి. మీ బోర్డులో ఆ పని ఏ నెలలో మొదలవుతుందో కార్యాలయంలో అడిగి తెలుసుకుని, తేదీలు ఇక్కడ రాస్తే వినతిపత్రం పాఠం తయారు చేయడంలో సాయం చేస్తాను.